ఆ కూనిరాగం నాది

మార్చి 3

రినీ పాడిన పాట గురించి రాయకూడదనుకున్నాను. పొద్దున్నుంచి ఇంకే పనీ సాగడం లేదు కాబట్టి రాసి పారేస్తాను.

రినీ రేవులో ఎండుచేపల షెడ్డులో పనిచేస్తుంది. వాళ్ళది ఇండోనేషియా. ముప్ఫై దాటి ఉంటాయి. సెలవు దొరికితే నా బారుకొస్తుంది. మందు ముట్టదు. చల్లటి టీ ముందు పెట్టుకుని కూర్చుంటుంది కానీ, కరావోకే మైకు మాత్రం ఎవరికీ ఇవ్వదు. నిన్న మైకు కూడా తీసుకోలేదు. ఫోన్‌లో ఏదో పాట పెట్టి, దానితోపాటు తనూ అందుకుంది. రెండో మాటకే గ్లాసు తుడుస్తున్న నా చెయ్యి ఆగిపోయింది.

"సుమియే అక్కా, ఈ పాట తెలుసా మీకు? మా సురబయలో అందరికీ నోటికొచ్చు. మా చెల్లెలి పెళ్ళిలో కూడా పెట్టారు."

"ఎవరిదది?"

"ఇనగాకి నత్సుయో. మీ జపాన్ ఆవిడే! నిజంగా తెలియదా?"

తెలియదా! నేను స్టేజీ మీద పాడుతుంటే నా వెనక, కాస్త ఎడమకి నిలబడి కోరస్ పాడిన మనిషి. నాతో ఒకే గదిలో అద్దెకున్న మనిషి.

"తెలియదమ్మా" అన్నాను.

మార్చి 4

ఫోన్‌లో వెతికి ఒకసారి చూశాను. ఒక్కసారే.

మార్చి 6

తొమ్మిది కోట్ల మంది విన్నారట. నిన్న సాయంత్రం చూసినప్పటికీ ఇవాళ్టికీ తేడా ఉంది. అంటే నేను పడుకున్నప్పుడు కూడా ఎవరో ఒకరు వింటూనే ఉన్నారు.

నాకేం అసూయ లేదు. ఉన్న విషయం రాసుకుంటున్నానంతే. నా పాట 'రెండో గొడుగు' వచ్చిన ఏడాది ఈ నుమాజు స్టేషన్ ముందున్న రికార్డుల కొట్టు అద్దం నిండా నా బొమ్మే. అప్పట్లో పాట కావాలంటే చెప్పులేసుకుని బయల్దేరాలి, వరసలో నిలబడాలి, దొరక్కపోతే మళ్ళీ వారం రావాలి. జనం వచ్చారు. నా కోసం వచ్చారు. టీవీలో పాడేటప్పుడు నాకు వెండి జరీ గౌను వేశారు. వెనక పాడే నత్సుయోకి బూడిదరంగు.

మరుసటి ఏడాది దానికీ ఒక ఆల్బమ్ ఇచ్చారు. 'మంగళవారం సముద్రం' అందులో రెండో వైపు ఎక్కడో ఉండేది. ఎవరూ కొనలేదు. కొట్టువాళ్ళు ఆ రికార్డుల్ని గుమ్మం దగ్గర చవక బుట్టలో పడేశారు. వాన జల్లు కూడా పడేది వాటి మీద. జాలేసి నేనొకటి కొన్నాను. ఆ జాలి ఎంత తియ్యగా ఉండేదో ఇప్పుడు గుర్తొస్తోంది. ఆ రికార్డు ఇప్పటికీ అల్మారాలో ఉంది, కవరు కూడా విప్పలేదు.

తర్వాత నత్సుయో పాట మానేసింది. నీగాతా వెళ్ళి పళ్ళ డాక్టరుని చేసుకుని, ఆయన ఆసుపత్రిలో పేషెంట్ల పేర్లు పిలుస్తూ కూర్చుంది. కొత్త సంవత్సరానికి కార్డులు రాసుకుంటాం. "బారులో ఇప్పటికీ నా పాటే అడుగుతున్నారు" అని ప్రతి కార్డులోనూ రాస్తాను. ఈ తొమ్మిది కోట్ల సంగతి అది ఏ కార్డులోనూ రాయలేదు. అదీ నాకు నచ్చలేదు.

ఎవరో విదేశీయుడు ఆ పాత రికార్డుని కంప్యూటర్లోకి ఎక్కించాడట, ఎవర్నీ అడక్కుండా. ఆ తర్వాత ఆ యంత్రమే దాన్ని భుజానేసుకుంది. ఎవరు ఏ పాట విన్నా, వెనకే ఈ పాట వచ్చి కూర్చుంటుందట. మనుషులు వెతుక్కోలేదు, పాటే వెళ్ళి వాళ్ళని వెతుక్కుంది.

నా పాట ఏ యాప్‌లోనూ లేదు. నా రికార్డులు వేసిన కంపెనీ మూతపడింది. టేపు ఏ గోడౌనులో ఉందో, హక్కులు ఎవరివో చెప్పేవాళ్ళు లేరు. కుసకాబె సుమియే అని నా పేరు కొడితే హమామత్సులో ఒక జుట్టు సెలూను వస్తుంది.

మార్చి 12

బారులో ఉన్న కరావోకే మెషీనులోకి కొత్త పాటలు వాటంతటవే దిగుతాయి. ఇవాళ ఆ పాట కూడా దిగింది. నన్నడిగి దిగిందా! నా గోడకున్న నా మెషీను.

దాన్ని మొదట చూసింది ఒకుదా గారు. ఒకప్పుడు చేపల వేలంలో అరిచిన గొంతు ఆయనది. రిటైరయ్యాక ఆ అరుపంతా నా మీదే.

"ఏమే సుమియే, నీ స్నేహితురాలు మెషీన్లోకి వచ్చేసిందే!"

"రానివ్వండి. మెషీనుకేం తెలుసు, ఏది పెడితే అది మింగుతుంది."

"తెలియకేం? మొన్న నీ పాట నువ్వే పాడితే తొంభై ఒక్క మార్కులేసింది. నేను పాడితే తొంభై నాలుగు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన గ్లాసులో ఐసు ఎక్కువేసి, విస్కీ తగ్గించాను.

మార్చి 19

ఇవాళ ఒక సంగతి గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఎలా మర్చిపోయానో!

జనానికి నచ్చింది అసలా పాట కాదు. రెండో చరణం అయ్యాక మాటల్లేకుండా వచ్చే కూనిరాగం. ఫోన్‌లో చిన్న వీడియోలన్నీ దానితోనే. ఎవరో కాఫీ పోసుకుంటారు, రైలు కిటికీలో వాన పడుతుంది, పిల్లి ఒళ్ళు విరుచుకుంటుంది, వెనక ఆ కూనిరాగం. మాటలు కోసేసి అదొక్కటే వాడుకుంటున్నారు.

ఆ కూనిరాగం నాది.

ఆ పాట రికార్డు చేసిన సాయంత్రం నత్సుయోకి జ్వరం, నేను తోడుగా వెళ్ళాను. గొంతు పెగల్లేదు. సంగీతం చేసినాయన స్టూడియో అద్దంలోంచి నన్ను చూసి, "సుమియే, ఇది నువ్వు పాడెయ్" అన్నారు. ఒక్కసారికే వచ్చేసింది. గదిలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. దారిలో నత్సుయోకి వేడివేడి ఉడోన్ నూడుల్స్ తినిపించి, గదికి తీసుకెళ్ళి పడుకోబెట్టాను. మర్నాడు పొద్దున్నే కచేరీలకి క్యూషూ వెళ్ళిపోయాను.

మా ఇద్దరి గొంతులూ కలిసిపోతాయనే కదా మమ్మల్ని జంటగా పెట్టుకున్నది! అందుకే ఎవరూ గుర్తుపట్టలేదు. రినీ ఫోన్‌లో విన్నప్పుడు నా చెయ్యి ఎందుకాగిపోయిందో ఇప్పుడర్థమైంది. నా గొంతు విని ఆగింది.

అంటే ఆ తొమ్మిది కోట్ల మందీ వింటున్నది నన్ను.

మార్చి 20

రినీకి చెప్పాను. దాని నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"అక్కా! మరి తెలియదన్నారుగా?"

"నువ్వడిగింది పాట గురించి. కూనిరాగం గురించి అడిగావా?"

ఒకుదా గారికీ చెప్పాను. "నిజమా?" అన్నారు. మొట్టమొదటిసారి ఆ మనిషి అరవకుండా మాట్లాడారు.

ఏప్రిల్ 2

రినీ వాళ్ళవాళ్ళకి చెప్పిందట. వాళ్ళు వాళ్ళవాళ్ళకి. మన ఊరి పత్రిక నుంచి కళ్ళజోడు అమ్మాయి ఒకతె వచ్చింది. "ఏమైనా ఆధారం ఉందాండీ?" అంది మర్యాదగానే.

"నా గొంతు చాలదా?" అని కూనిరాగం తీశాను. రోజూ సాయంత్రం పాడే గొంతు నాది, ఈ వయసులోనూ ఎక్కడా తొణకలేదు. ఆ అమ్మాయి ఫోన్‌లో రికార్డు చేసుకుంది. ఆమె చేతి మీద రోమాలు నిక్కబొడుచుకోవడం చూశాను.

ఏప్రిల్ 5

పడింది. ఫొటో పెద్దదే. 'ప్రపంచం మెచ్చిన కూనిరాగం మన నుమాజుది' అని పెట్టారు. పది కాపీలు కొన్నాను. బారు గోడకొకటి.

ఏప్రిల్ 8

ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు, ఫోన్‌లోనే. రినీ తన ఫోన్‌లో జపనీసులోకి మార్చి చదివి వినిపిస్తోంది. చిలీలో ఒకతను వాళ్ళ నాన్న ఆసుపత్రిలో చివరి వారమంతా నా కూనిరాగమే వింటూ పడుకున్నారని రాశాడు. చదివి ఏడ్చాను. అందరికీ ధన్యవాదాలు చెప్పించాను.

ఇలాంటి రోజు కోసమే కాబోలు ఇన్నేళ్ళు గ్లాసులు తుడిచాను.

ఏప్రిల్ 10

నత్సుయో నుంచి మాట లేదు. కోపమొచ్చి ఉంటుంది. రానీ.

ఏప్రిల్ 14

మధ్యాహ్నం ఫోను మోగింది. ఎవరో గుర్తుపట్టలేకపోయాను. కాగితం మీద కాగితం రుద్దినట్టుంది ఆ గొంతు.

"సూ, నేనే. నత్సూని."

"ఏమైందే నీ గొంతుకి?"

"మెడలో గడ్డ తీశారు, మూడేళ్ళవుతోంది. అప్పుడు గొంతు నరం దెబ్బతింది. ఇంతే వస్తుంది. పాడ్డం కాదు కదా, మా ఆయన్ని గట్టిగా పిలవను కూడా లేను. ఆయనకి హాయిగా ఉంది."

"అయ్యో" అన్నాను. ఆ క్షణంలో నా లోపల ఏదో తేలికపడింది. అదేమిటో నాకు తెలుసు. రాయను.

"కార్డులో ఒక్క ముక్కయినా రాయలేదేం?" అన్నాను.

"ఏమని రాయను సూ? కొత్త సంవత్సరం పూట." కాసేపు ఊపిరి తీసుకుంది. "పేపరు చూశాను. ఫొటోలో బాగున్నావు. ఆ రంగు నీకు నప్పుతుంది."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, నా దగ్గర జవాబులున్నాయి.

"టోక్యో రాగలవా? ఆ ఆల్బమ్ మళ్ళీ తెస్తున్నారు. మన స్టూడియో హిరబయాషి గారు పాత టేపుని కంప్యూటర్లోకి ఎక్కించారు. ఏ గొంతుకా గొంతు విడిగా వినొచ్చట. కూనిరాగం నీదైతే నీ పేరు వెయ్యాలి కదా. విని తేల్చుకుందాం."

నీదైతే! వస్తానన్నాను. సాయంత్రం బారు తెరిచే ముందు వెళ్ళి కొత్త స్కార్ఫు కొనుక్కున్నాను.

ఏప్రిల్ 21

రైల్లో వెళ్ళి రైల్లో వచ్చాను. రాసేస్తాను.

హిరబయాషి గారు అప్పట్లో స్టూడియోలో టేపులు మార్చే కుర్రాడు. ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది, మనిషి ఒకవైపు ఒరిగాడు. నత్సుయో చిన్నదైపోయింది. మెడ మీద సన్నటి గీత. నన్ను చూసి రెండు చేతులూ పట్టుకుంది. చేతులు మాత్రం అప్పటివే, ఎప్పుడూ చల్లగానే ఉంటాయి.

తెర మీద గీతలు గీతలుగా పాట మొత్తం పరిచి ఉంది. హిరబయాషి గారు డ్రమ్ము ఆపేశారు. గిటార్ ఆపేశారు. ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతుంటే పాట బట్టలు విప్పుకున్నట్టనిపించింది. చివరికి రెండు గీతలు మిగిలాయి.

"కూనిరాగాలు రెండున్నాయండీ. ఇది ముందు పాడింది" అని ఒకటి వినిపించారు.

నేను. ఇరవై మూడేళ్ళ నేను! గదిలో గాలి మారిపోయింది. శ్రుతి ఎక్కడా జారలేదు, ఊపిరి తీసిన చోటు కూడా తెలియలేదు. ఎంత బాగా పాడేదాన్ని! నత్సుయో కళ్ళు మూసుకుని తలూపుతోంది.

"చూశారా" అన్నాను. "నేను చెప్పలేదూ?"

హిరబయాషి గారు నా వైపు చూడలేదు. "రికార్డులో వేసింది ఇదండీ" అని రెండోది పెట్టారు.

అది కాస్త ఆలస్యంగా మొదలైంది. రావాలా వద్దా అనుకుని వచ్చినట్టు. పైకి వెళ్ళే చోట సన్నబడి, సన్నబడి, ఇక తెగిపోతుందనుకున్నప్పుడు నిలబడింది. జ్వరం గొంతు. అడుగున చిన్న గరగర. కాఫీ పోసుకునేవాళ్ళు, పిల్లి, చిలీలో ఆసుపత్రి మంచం, అందరూ వింటున్నది అదే. నాకు ముందే తెలిసి ఉండాలి. పాట పాడే మనిషికి తన గొంతు తెలియకపోవడమేమిటి!

"మర్నాడు మీరు క్యూషూ వెళ్ళారు కదా" అన్నారు హిరబయాషి గారు. "ఈవిడ జ్వరంతోనే మళ్ళీ వచ్చి..."

"వాళ్ళే పిలిచారు సూ" అంది నత్సుయో గబగబా, ఉన్న ఊపిరంతా పెట్టి. "పాట నిడివి మారిందని మళ్ళీ పాడించారు. నువ్వు లేవు కాబట్టి నేను. అంతే. నీకు చెబుదామనుకున్నాను, నువ్వేమో నా కోసం పాడానని ఎంత సంబరపడిపోయావు! ఉడోన్ కూడా తినిపించావు. ఎలా చెప్పను?"

హిరబయాషి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆల్బమ్ చివర్లో సూ పాడింది కూడా వెయ్యండి" అంది నత్సుయో. "రెండూ ఉంటే బాగుంటుంది."

"వద్దు" అన్నాను.

"ఎందుకు? ఎంత బాగుంది!"

బాగుంది కాబట్టే వద్దు. రెండూ పక్కపక్కన వింటే, బాగున్నదానికీ ఆ రెండోదానికీ తేడా ఏమిటో ప్రపంచమంతటికీ తెలిసిపోతుంది. ఇప్పటికి నా ఒక్కదానికే తెలుసు.

"నాది చెరిపెయ్యండి" అన్నాను. ఆయన చెరపలేదనుకుంటాను. అలాంటివి చెరపరు ఆ మనుషులు.

ఇన్నాళ్ళూ దాని అదృష్టం చూసి ఏడ్చాను. ఇవాళ గొంతు చూసి ఏడ్చాను. మొదటిదే నయం.

ఏప్రిల్ 22

బారు తెరవలేదు.

ఏప్రిల్ 25

పత్రిక అమ్మాయికి ఫోను చేసి, తప్పు చెప్పానన్నాను. "దిద్దుబాటు వేస్తామండీ. కానీ ఎవరూ చూడరు. మీ వార్తని ఇప్పటికే ఎన్నో భాషల్లో తిప్పేశారు" అంది. తిట్టి ఉంటే బాగుండేదనుకుంటున్నాను, మళ్ళీ.

గోడ మీది కాగితం చించేశాను. మిగతా తొమ్మిదీ చేపలు చుట్టుకోమని రినీకి ఇచ్చేశాను.

ఏప్రిల్ 29

ఉత్తరాలు ఆగడం లేదు. మీ గొంతు, మీ గొంతు, మీ గొంతు. అసలు నాకు ఏమీ రాకుండా ఉన్న రోజుల్లో ఇంత మంట లేదు. వచ్చేదంతా నా గుమ్మానికే వస్తోంది, ఒక్కటీ నాది కాదు.

చిలీ అతనికి మాత్రం రినీ చేత రాయించాను. "మీ నాన్నగారు విన్నది నా గొంతు కాదు. ఇనగాకి నత్సుయోది."

జవాబిచ్చాడు. "అయినా మీకు ధన్యవాదాలు" అట. అయినా ఏమిటి, అయినా!

ఒకుదా గారు ఇవాళ వచ్చి, "తొంభై ఒకటి" అని పిలిచారు నన్ను. విస్కీ సీసా మొత్తం ఆయన ముందు పెట్టి, "పోసుకోండి" అన్నాను. భయపడి ఒక్క గ్లాసే తాగి వెళ్ళిపోయారు.

మే 9

నత్సుయో వచ్చింది. రమ్మనలేదు. "ఎండుచేప తినాలనిపించింది" అని మధ్యాహ్నం రైలు దిగింది.

బారు మూసే ఉంది. రినీకి సెలవు కాబట్టి చేపలు తెచ్చి వెనక కాలుస్తోంది. వచ్చింది ఎవరో చెప్పగానే చేతిలో పటకారు వదిలేసి, నేలకి వంగి వంగి దండాలు. నాకు ఏనాడూ పెట్టలేదలా.

తిన్నాక నత్సుయో గోడకున్న మెషీను వైపు చూసింది.

"సూ, నా పాట పాడవా? నా ఎదురుగా ఎవరూ పాడగా వినలేదు నేను. ఎప్పుడు విన్నా ఆ ఫోన్‌లోంచే."

ఆ పాట ఈ బారులో నా నోట రాదని ఒట్టు పెట్టుకున్నాను. దాని మెడ మీది గీత చూశాను. మైకు తీసుకున్నాను.

బాగానే పాడాను. చాలా బాగా పాడాను. రెండో చరణం అయింది. కూనిరాగం చోటొచ్చింది. నోరు మూసుకున్నాను. అది నాది కాదు కదా! మెషీను మాత్రం వాయించుకుంటూ పోతోంది. నత్సుయో పెదాలు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ ఖాళీ చూస్తూ ఉండలేక కాబోలు, వంటింటి గుమ్మంలోంచి రినీ అందుకుంది. మసి చేతులతో, తెలిసీ తెలియని శ్రుతిలో.

అయ్యాక నత్సుయో లేచి వెళ్ళి రినీ చేతులు పట్టుకుంది. మసి అంటినా వదల్లేదు. "ఇంకోసారి, ఇంకోసారి" అంది. పాట మొత్తం పాడింది నేను. నా వైపు తిరిగి ఒక్క మాట అనలేదు. చూస్తూ నిలబడ్డాను, మైకు పట్టుకుని.

స్టేషన్‌కి నేనే తీసుకెళ్ళాను. ప్లాట్‌ఫాం మీద పక్కపక్కన నిలబడ్డాం. రైలు వస్తోందని చెప్పే మాట మైకులో వినబడుతుంటే, నత్సుయో నా భుజం మీదికి వంగింది. ఆ రొదలో దాని గొంతు నా చెవికి తప్ప ఇంకెవరికీ వినబడదు.

"సూ, వాళ్ళు పిలవలేదు."

"ఎవరు?"

"స్టూడియో వాళ్ళు. ఆ మర్నాడు నన్నెవరూ పిలవలేదు. నీది వాళ్ళకి తెగ నచ్చింది, అదే ఉంచుదామన్నారు. నేనే వెళ్ళాను. ఒళ్ళు కాలిపోతోంది, మెట్లెక్కలేక కూర్చుని కూర్చుని ఎక్కాను. వెళ్ళి ఏడ్చి గోలచేసి మళ్ళీ పాడాను. అన్నీ నీవే. గౌను నీది, టీవీ నీది, ఆ కొట్టు అద్దం నీది. ఒక్క పాట దొరికితే అందులో కూడా నీ గొంతేనా అనిపించింది. భరించలేకపోయాను."

"బుద్ధిలేనిదానా, జ్వరంలోనా!" అన్నాను.

"నువ్వు తినిపించిన ఉడోన్ ఆ మెట్ల మీదే కక్కేశాను" అంది.

ఇద్దరం నవ్వాం. దాని నవ్వుకి చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. తలుపులు మూసుకున్నాయి. లోపల్నుంచి చెయ్యి ఊపింది.

పెద్దమనసున్నదాన్నైతే దాన్ని చూసి జాలిపడాలి, లేదా కోపం తెచ్చుకోవాలి. రెండూ రాలేదు. నా వెనక బూడిదరంగు గౌనులో నవ్వుతూ నిలబడ్డ ఆ పిల్ల, అన్నాళ్ళూ నన్ను చూసి లోపల్లోపల కాలిపోయిందట. ఒంటి మీద జ్వరంతో మెట్లెక్కేంతగా! నా పాటకి వచ్చిన చప్పట్లేవీ ఇంత ఆనందం ఇవ్వలేదు. ఇది ఎవరికీ చెప్పుకోదగ్గ ఆనందం కాదు. రినీకి కూడా చెప్పను. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

ఇంటికొచ్చేసరికి విపరీతంగా ఆకలేసింది. మిగిలిన చేపలు రెండూ కాల్చుకుని, ముళ్ళు తప్ప ఏమీ వదలకుండా తిన్నాను.